వెండి పతకం వెనక సిపాయి: ఒక నంబరు నుంచి మనిషి దాకా

పతకాన్ని వెనక్కి తిప్పితే అక్కడ పేరుండదు, తేదీ ఉండదు, ఊరుండదు. నున్నటి వెండి మీద ఒక నంబరు, అంతే. ముందు వైపు మాత్రం సందడి ఎక్కువ. పైన మూడు విమానాలు, వాటి కింద ఎర్రటి అక్షరాల్లో ‘జా అత్వాగు’, ఆ కింద ఒక ట్యాంకు, అట్టడుగున సోవియట్ యూనియన్ పొడి అక్షరాలు. ‘జా అత్వాగు’ అంటే రష్యన్‌లో ‘సాహసానికి’ అని. వెడల్పు 37 మిల్లీమీటర్లు, బ్రిటిష్ కాలం వెండి రూపాయి కంటే కాస్త పెద్ద బిళ్ల.

సోవియట్ యూనియన్ కూలిపోయిన 1990లలో ఇలాంటి పతకాలు మాస్కోలోని ఇజ్మైలొవొ సంతలో దుప్పటి పరిచి అమ్మారు. పింఛను డబ్బులు రొట్టెకు చాలని రోజులవి. అలా కొన్నవి, దేశం దాటించినవి, చేతులు మారినవి ఇప్పుడు ప్రపంచమంతా పాత వస్తువులు సేకరించేవాళ్ల పెట్టెల్లో ఉన్నాయి. తాతయ్య డ్రాయర్లో దొరికిన పతకంతో వచ్చే మనవలు, మనవరాళ్లు కూడా ఉన్నారు. ఇద్దరూ అడిగేది ఒకటే: ఈ నంబరు ఎవరిది?

చూడటానికి చిన్న ప్రశ్న. దీనికి జవాబు మాత్రం పతకంలో లేదు. నంబరు గుర్తుపట్టేది లోహాన్ని, మనిషిని కాదు. మనిషి ఉన్నది కాగితాల్లో. ఆ కాగితాలు రాసింది ఫిరంగి మోతల మధ్య, కొవ్వొత్తి వెలుగులో, తొందరలో ఉన్న గుమస్తాలు. కాబట్టి ఈ వెతుకులాట సగం సిపాయి కోసం, సగం ఆ గుమస్తాల చేతిరాత కోసం.

ఈ పతకాన్ని 1938 అక్టోబర్ 17న పెట్టారు. మొదట అందుకున్నవాళ్లు ఆ ఏడాది వేసవిలో ఖాసన్ సరస్సు దగ్గర జపాన్ సేనలతో పోరాడినవాళ్లు. అప్పట్లో పతకం చిన్న ఎర్ర రిబ్బన్ ముక్కకు వేలాడేది. 1943 జూన్‌లో అది మారి, అయిదు మూలల పట్టీ మీద బూడిద రంగు రిబ్బన్, రెండంచులా నీలి చార వచ్చాయి. పట్టీని చూడగానే కాలం ఖాయం చేసుకోకూడదు. పాత పతకాలకు కొత్త పట్టీలు తగిలించుకున్నవాళ్లు ఉన్నారు, ఇవాళ ధర పెంచడానికి కొత్తవాటికి పాత పట్టీలు తగిలించేవాళ్లూ ఉన్నారు.

సోవియట్ బిరుదుల వరసలో ఇది ‘ఆర్డర్’ అనే పెద్ద బిరుదుల కంటే కింద ఉండే మెడల్. అయినా సిపాయిల్లో దీనికున్న గౌరవం వేరు. ఊరి విముక్తికనీ, విజయానికనీ ఇచ్చిన పతకాలు ఆ ప్రాంతంలో ఉన్నందుకు కూడా వచ్చేవి. ఇది మాత్రం ప్రాణానికి తెగించి స్వయంగా చేసిన పనికే ఇవ్వాలని నియమం. ఆఫీసర్ల కంటే మామూలు సిపాయిల, సార్జంట్ల ఛాతీల మీదే ఎక్కువగా కనిపించేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 40 లక్షలకు పైగా ఇచ్చారు. సెమ్యోన్ గ్రెత్సోవ్ అనే వైద్య సహాయకుడు ఆరుసార్లు అందుకున్నాడు. కాల్పుల మధ్య గాయపడ్డవాళ్లను మోసుకురావడం అతని పని.

వెతికేవాళ్లకు పతకం పుట్టిన తేదీ కంటే 1942 నవంబర్ 10 ముఖ్యం. అంతకు ముందు సిపాయికి పతకం రావాలంటే సిఫార్సు కాగితం మెట్టు మెట్టుగా పైకి పోవాలి. యుద్ధం మొదట్లో మాస్కో నుంచే ఆదేశం రావాలి. ఈలోగా ఆ సిపాయి చచ్చిపోవచ్చు, ఆస్పత్రిలో పడొచ్చు, రెజిమెంటే మాయమైపోవచ్చు. ఆ నవంబర్ ఆదేశంతో ఈ పతకం ఇచ్చే అధికారం రెజిమెంట్ కమాండర్ చేతికి వచ్చింది. నిన్న చేసిన పనికి వారంలో పతకం ఇవ్వగలిగే పరిస్థితి ఏర్పడింది. సిపాయిలకు మేలే జరిగింది. పరిశోధకులకు మాత్రం కాగితాల్లో వివరం తగ్గిపోయింది. ఆర్డర్ ఇవ్వాలంటే ఒక్కో మనిషికి వేరే సిఫార్సు పత్రం ఉండేది. అందులో పుట్టిన ఏడు, జాతి, పార్టీ సభ్యత్వం, గాయాలు, చేసిన పని వివరంగా రాసేవాళ్లు. రెజిమెంట్ ఇచ్చే మెడల్‌కు చాలాసార్లు అంత లేదు. ఒక్కటే ఉత్తర్వు, పైన ‘సుప్రీం సోవియట్ ప్రెసీడియం (దేశ అత్యున్నత పాలక మండలి) తరఫున’ అన్న వాక్యం, కింద పది ఇరవై పేర్లు, ఒక్కో పేరు పక్కన రెండు మూడు వరసలు. 40 లక్షల సాహసాల్లో ఎక్కువ భాగం ఇలాంటి రెండు మూడు వరసల్లోనే మిగిలింది.

ఆ ఉత్తర్వులో పతకం నంబరు మామూలుగా ఉండదు. ఎందుకుంటుంది? ఉత్తర్వు రాసేటప్పటికి పతకాలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. ఏ నంబరు ఎవరికి పోయిందో తేలేది చేతికిచ్చిన రోజున. అప్పుడది సిపాయికిచ్చే తాత్కాలిక ధ్రువపత్రంలోకి, తర్వాత అతని బిరుదుల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకం పతకంతో పాటే దొరికితే పని అయిపోయినట్టే. కానీ సంతలోకి వచ్చిన పతకాల్లో చాలావాటికి పుస్తకం తోడు రాలేదు.

నంబరునూ పేరునూ కలిపే మూడో కాగితం మాస్కోకు దక్షిణాన పోదోల్స్క్‌లో, రక్షణ శాఖ కేంద్ర ఆర్కైవ్‌లో ఉంది. అది అరచేతిలో పట్టే కార్డు. ఇంటి పేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు, ఊరు, హోదా, వచ్చిన బిరుదులు, వాటి నంబర్లు, ఏ ఉత్తర్వు ప్రకారం వచ్చాయి, ఇవన్నీ దాని మీద ఉంటాయి. చాలా కార్డులు యుద్ధం ముగిశాక నింపినవి. ఇంటికి చేరిన మాజీ సిపాయి స్థానిక సైనిక భర్తీ కార్యాలయానికి వెళ్లి, తాత్కాలిక పత్రాలిచ్చి అసలు పుస్తకం తీసుకునేటప్పుడు అక్కడి గుమస్తా కార్డు రాసేవాడు. కింద ఆ మనిషి సంతకం ఉండొచ్చు, అప్పటి ఉద్యోగం ఉండొచ్చు. రెజిమెంట్ ఉత్తర్వులో ‘ఎర్రసేన సిపాయి ఫలానా’ అని మాత్రమే ఉన్నవాడు కార్డులో సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టర్ డ్రైవర్‌గానో, బడిపంతులుగానో కనిపిస్తాడు.

చిక్కేమిటంటే యుద్ధం నుంచి తిరిగి రానివాడు భర్తీ కార్యాలయానికి రాలేదు. అలాంటివాళ్లలో చాలామందికి కార్డే పడలేదు. ఉత్తర్వులో పేరుంది, లోకంలో ఎక్కడో పతకం ఉంది, రెంటినీ కలిపే కాగితం లేదు.

రెండో చిక్కు, కార్డులు ఇంటి పేర్ల అక్షర క్రమంలో ఉండటం. పేరు తెలిసి నంబరు కావాలంటే సుళువు. నంబరు తెలిసి పేరు కావాలంటే పాత టెలిఫోన్ డైరెక్టరీలో నంబరు పట్టుకుని మనిషిని వెతికినట్టు ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పక్క నంబర్ల సాయం తీసుకుంటారు. పతకాలు సైన్యానికి పెట్టెల లెక్కన వెళ్లేవి కాబట్టి ఒకే రోజు ఒకే రెజిమెంట్‌లో ఇచ్చినవాటి నంబర్లు తరచూ దగ్గర దగ్గరగా ఉంటాయి. చేతిలో ఉన్న నంబరుకు నాలుగు నంబర్లు అటో ఇటో ఉన్న పతకం ఎవరిదో తెలిస్తే, ఆ మనిషి పేరున్న ఉత్తర్వు తెరిచి మిగతా పేర్లను ఒక్కొక్కటే చూడొచ్చు. ఇది ఆధారం మాత్రమే, రుజువు కాదు. పెట్టెలు అన్నిసార్లూ వరసగా ఖాళీ కాలేదు.

2007 మేలో రష్యా రక్షణ మంత్రి 181వ నంబరు ఉత్తర్వుతో ఎర్రసేన యుద్ధకాలపు పత్రాల మీద రహస్య ముద్ర తీసేశాక ఈ పని స్వరూపమే మారింది. ఆ ఏడాదే చనిపోయినవాళ్ల, ఆచూకీ లేనివాళ్ల వివరాలతో ‘మెమోరియల్’ అనే డేటాబేస్ వచ్చింది. 2010లో బిరుదుల ఉత్తర్వులు, సిఫార్సు పత్రాలు స్కాన్ చేసి పెట్టిన ‘పోద్విగ్ నరోదా’ (ప్రజల వీరకృత్యం) వచ్చింది. 2015లో వీటన్నిటినీ కలిపి, రెజిమెంట్ల యుద్ధ డైరీలు, మ్యాపులు కూడా చేర్చి ‘పామ్యత్ నరోదా’ (ప్రజల జ్ఞాపకం) తెచ్చారు. డబ్బు కట్టక్కర్లేదు, పోదోల్స్క్ దాకా పోనక్కర్లేదు. కాకపోతే అన్నీ రష్యన్‌లోనే, వెతుకులాట ప్రధానంగా పేరు మీదే. ఖాసన్ సరస్సు, ఫిన్లాండ్ యుద్ధం నాటి పతకమైతే దారి వేరు. 1941కి ముందటి కాగితాల్లో ఎక్కువ భాగం మాస్కోలోని రష్యా ప్రభుత్వ సైనిక ఆర్కైవ్‌లో ఉన్నాయి.

సరే, ఉత్తర్వు దొరికింది, పేరు పక్కన నాలుగు వరసలు ఉన్నాయి. వాటిని ఎలా చదవాలి? ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక నిజమైన కాగితాన్ని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది.

తర్వాతి కాలంలో పెద్ద రచయితగా పేరు తెచ్చుకున్న విక్టర్ అస్తాఫ్యేవ్ 1943లో 19 ఏళ్ల సిపాయి. సైబీరియాలో క్రస్నయార్స్క్ దగ్గరి ఒవ్స్యాంక అనే పల్లె కుర్రాడు, 92వ హోవిట్జర్ ఫిరంగుల బ్రిగేడ్‌లో టెలిఫోన్ తీగలు చూసుకునేవాడు. ఈ పతకం కోసం రాసిన అతని పత్రంలో ఉన్న సంగతి ఇది: 1943 అక్టోబర్ 20 నాటి పోరులో ముందు వరసలో ఉన్న పరిశీలన స్థావరానికి వెళ్లే తీగను నాలుగుసార్లు బాగుచేశాడు. దగ్గర్లో బాంబు పేలి మట్టిలో కూరుకుపోయాడు. శత్రువు మీద ద్వేషంతో రగులుతూ పని కొనసాగించాడు. ఫిరంగి, మోర్టార్ గుళ్లు కురుస్తుండగా తెగిన కేబుల్ ముక్కలు ఏరి, మళ్లీ లైను కలిపి, పదాతి దళానికి ఫిరంగి సాయం ఆగకుండా చూశాడు.

మన పోలీస్ స్టేషన్లో రైటర్ రాసే పంచనామా చదివినవాళ్లకు ఇందులో తెలిసిన వాసన తగులుతుంది. ‘నమ్మదగిన సమాచారం మేరకు’ అన్న మాట ప్రతి కాగితంలో ఎలా ఉంటుందో, ‘ద్వేషంతో రగులుతూ’ అన్న మాట కూడా అలాంటిదే. అది సిపాయి గుండెలోంచి వచ్చింది కాదు, గుమస్తా కలంలోంచి వచ్చింది. దాన్ని పట్టుకుని ఆ కుర్రాడి మనసు గురించి రాయబోతే బోల్తా పడతాం. పడికట్టు మాటలు పక్కన పెట్టాక మిగిలినవే అసలు సరుకు. నాలుగుసార్లు. మట్టిలో కూరుకుపోవడం. తెగిన ముక్కలు ఏరడం. ఇవి ఏ నమూనాలోనూ ముందే రాసి ఉండవు, ఎవరో చూసి చెబితేనే వస్తాయి.

వాటి అర్థం తెలియాలంటే ఆ పని ఏమిటో తెలియాలి. హోవిట్జర్లు వెనక ఎక్కడో గుట్ట చాటున నిలబడి, గుండును పైకెత్తి విసురుతాయి. తాము కొట్టే చోటు వాటికి కనిపించదు. చూసి చెప్పేవాడు ముందు వరసలో కూర్చుంటాడు, ఇద్దరి మధ్య నేల మీద పరిచిన ఒక తీగ. అది తెగిన క్షణం నుంచి ఫిరంగులు గుడ్డివి. తీగ తెగేది గుళ్లు పడుతున్న చోటే కాబట్టి, బాగుచేసేవాడు సరిగ్గా గుళ్లు పడుతున్న చోటికే పాక్కుంటూ పోవాలి. నాలుగుసార్లు బాగుచేశాడంటే నాలుగుసార్లు వెళ్లాడని. ముక్కలు ఏరి కలిపాడంటే చేతిలో కొత్త తీగ లేదని, లేదా తెచ్చుకునే వ్యవధి లేదని.

శత్రువులను ఇంతమందిని చంపాడని రాసిన చోట ఇంకా జాగ్రత్త కావాలి. ఆ అంకెలు ఎవరూ పోయి లెక్కపెట్టినవి కాదు, చాలాసార్లు పెంచి రాసినవి. అలాంటప్పుడు అదే రోజు రెజిమెంట్ యుద్ధ డైరీలో ఏముందో చూడాలి. ఉత్తర్వులో ‘ఫలానా గ్రామం దగ్గర’ అని ఉంటే, ఆ రోజు రెజిమెంట్ ఆ గ్రామం దగ్గర ఉందా? దాడి చేసిందా, తట్టుకుందా, వెనక్కి వచ్చిందా? రెండు కాగితాలూ ఒకదాన్నొకటి బలపరిస్తే సరే. తేడా వస్తే ముందు తేదీలు చూసుకోవాలి, ఎందుకంటే ఒకే పతకానికి మూడు తేదీలుంటాయి. పని చేసిన రోజు, ఉత్తర్వు మీద సంతకమైన రోజు, చేతికిచ్చిన రోజు. ఉత్తర్వు తేదీని పోరు జరిగిన తేదీ అనుకుని మ్యాపు మీద తప్పు చోట పిన్ను గుచ్చడం చాలామంది చేసే పొరపాటు.

సిఫార్సు పత్రం విడిగా దొరికిన అదృష్టవంతులు దాని వెనక పేజీ కూడా తప్పక చూడాలి. పై అధికారులు ఒకరి కింద ఒకరు తమ అభిప్రాయం రాసేది అక్కడే. కంపెనీ కమాండర్ ‘ఎర్ర నక్షత్రం’ ఆర్డర్ అడిగితే పైన ఎవరో కొట్టేసి ఈ మెడల్‌తో సరిపెట్టిన కాగితాలున్నాయి. ఉత్తర్వు మాత్రమే చదివితే ఈ బేరసారాలు కనిపించవు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. పేరు తేలిన పతకానికి ధర పెరుగుతుంది. ధర పెరిగే చోట దొంగ పని వస్తుంది. వెనక నంబరు గీకేసి, మంచి కథ ఉన్న సిపాయి నంబరు చెక్కిన పతకాలు ఉన్నాయి. సొంతదారుడు చూడాల్సింది నంబరు చుట్టూ వెండి మిగతా చోట్ల కంటే పల్చగా, మెరుపు తేడాగా ఉందా అన్నది. రష్యాలో రాజ్య పురస్కారాల కొనుగోలు, అమ్మకం నేరస్మృతి 324వ అధికరణం కింద నేరం, సోవియట్ కాలపువీ అందులోకే వస్తాయి. దేశం బయట అలాంటి నిషేధం లేని చోట్ల వ్యాపారం బాహాటంగానే సాగుతోంది. సేకరించేవాళ్లంతా లాభం కోసమే అనడం అన్యాయం. పోదోల్స్క్ కాగితాలు కదిలించి ఎన్నో పేర్లు బయటికి తెచ్చింది వాళ్లే. అలాగని, తాత పతకం ఎవరి గాజు పెట్టెలో ఉందో తెలుసుకున్న మనవరాలి బాధను పక్కకు నెట్టేయలేం.

ఇన్ని చేశాక కూడా మనిషి చేజారిపోయేది ఎక్కువగా పేరు దగ్గరే. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన తెలుగు అనువాదాలు చదివినవాళ్లకు రష్యన్ పేర్లలో మూడు ముక్కలుంటాయని తెలుసు: ఇంటి పేరు, సొంత పేరు, తండ్రి పేరు. ఎర్రసేనలో అందరూ రష్యన్లు కారు. ఉజ్బెక్‌లు, కజక్‌లు, తాతార్లు, జార్జియన్లు, అర్మేనియన్లు, యూదులు ఉన్నారు. తండ్రి పేరును రష్యన్ పద్ధతిలో రాసే అలవాటు వాళ్లలో అందరికీ లేదు. గుమస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. ఒకే మనిషి ఉత్తర్వులో ఒక రకంగా, మరణాల జాబితాలో ఇంకో రకంగా, కార్డులో మూడో రకంగా ఉంటాడు. అలాంటప్పుడు ఏ భర్తీ కార్యాలయం అతన్ని సైన్యంలోకి తీసుకుందో చూస్తే దారి దొరకొచ్చు. అది రయోన్ స్థాయిలో ఉంటుంది, రయోన్ అంటే మన పాత తాలూకా లాంటిది. పేరు ఎంత మారినా పుట్టిన ఏడు, భర్తీ అయిన చోటు రెండూ కలిస్తే మనిషి అతనే కావడానికి అవకాశం ఎక్కువ. ఊళ్ల పేర్లు కూడా మారాయి మరి. కాగితంలో ‘స్తాలినొ’ అంటే ఇప్పటి దొనేత్స్క్, ‘మోలతోవ్’ అంటే పెర్మ్, ‘కలీనిన్’ అంటే త్వేర్. ఇవాళ్టి మ్యాపులో వెతికితే ఆ పేర్లు కనిపించవు.

కొందరు తమ పేరు తామే మార్చుకున్నారు. రష్యన్ తెర మీద హామ్లెట్‌గా ప్రపంచానికి తెలిసిన నటుడు ఇన్నొకెంతీ స్మొక్తునోవ్‌స్కీ పేరుతో యుద్ధకాలపు ఉత్తర్వుల్లో వెతికితే ఆ సిపాయి దొరకడు. అప్పటి అతని ఇంటి పేరు స్మొక్తునోవిచ్. 1925లో పుట్టి, క్రస్నయార్స్క్‌లో పెరిగి, 1943లో సైన్యంలోకి వెళ్లాడు. ఆ ఏడాది కీవ్ దగ్గర కాల్పుల మధ్య ద్నీపర్ నది దాటి డివిజన్ ప్రధాన స్థావరానికి యుద్ధ నివేదికలు చేర్చినందుకు అతనికి ‘జా అత్వాగు’ రాశారు. పతకం చేతికి రాకముందే, డిసెంబర్‌లో, జర్మన్లకు పట్టుబడ్డాడు. నెల రోజులకు తప్పించుకుని ఒక ఉక్రెయిన్ కుటుంబం ఇంట్లో తలదాచుకున్నాడు, గెరిల్లాలతో కలిశాడు, మళ్లీ సైన్యంలో చేరి యుద్ధం చివరి దాకా పోరాడాడు, ఇంకో ‘జా అత్వాగు’ సంపాదించాడు. శత్రువుకు చిక్కి వచ్చినవాణ్ని అనుమానంగా చూసిన కాలం అది. యుద్ధం ముగిశాక పెద్ద నగరాల్లో ఉండే హక్కు కూడా అతనికి లేకపోయింది. ఇంటి పేరు మారింది ఆ రోజుల్లోనే.

1943 నాటి ఉత్తర్వు మాత్రం అలాగే ఉండిపోయింది, అందులో స్మొక్తునోవిచ్ అనే సిపాయి నది దాటుతూనే ఉన్నాడు. ఆ పతకం అతన్ని చేరడానికి 49 ఏళ్లు పట్టింది. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో ఒక రాత్రి నాటకం అయిపోయాక, ప్రేక్షకులు ఇంకా సీట్లలో ఉండగానే, రంగస్థలం మీద దాన్ని అతని చేతికిచ్చారు.